పది కేజీల పైపు ఎప్పుడూ పది కేజీలు మోయదు



గొట్టాలు అమ్మే ప్రతి దుకాణంలోనూ వినిపించే ప్రశ్న ఒకటుంది: ఆరు కేజీల పైపు కావాలా, పది కేజీల పైపు కావాలా అని. చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడిని ఆ పైపు తట్టుకుంటుందో చెప్పే లెక్క అది. పొలంలో మోటారుకు పైపులైను వేయించే రైతైనా, మందుల కర్మాగారంలో ఆమ్లానికి లైను వేయించే ఇంజనీరైనా ముందు చూసేది ఆ అంకెనే. ఉక్కు గొట్టం విషయంలో ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం లేదు. మామూలు కార్బన్ ఉక్కు బలం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంతో, డిజైను లెక్కల్లో 200 డిగ్రీల దగ్గర కూడా దాదాపు అంతే. ఈరోజు మోసిన ఒత్తిడిని ఇరవై ఏళ్ల తర్వాతా మోస్తుంది, ఈలోగా తుప్పు తినేయకపోతే. ప్లాస్టిక్ గొట్టం సంగతి వేరు. ఫలానా ఉష్ణోగ్రతలో, ఫలానా ద్రవంతో, ఫలానా కాలం వరకు అన్న షరతులన్నీ దాని మీది అంకె వెనక దాగి ఉంటాయి. పరిశ్రమల్లో థర్మోప్లాస్టిక్ గొట్టాలు పగిలినప్పుడు నింద ప్లాస్టిక్ మీద పడుతుంది. కారణాలు తవ్వుకుంటూ పోతే మాత్రం, ఎక్కువసార్లు దాన్ని చవకరకం ఇనుముగా లెక్కగట్టిన మనుషులే కనిపిస్తారు. ఈ ప్రసంగంలో నేను వాదించబోయేది ఇదే.

ముందు ఈ పదార్థం స్వభావం చూద్దాం. బెల్లం వేడిచేస్తే పాకమవుతుంది, చల్లారితే గడ్డకడుతుంది, మళ్లీ వేడిచేస్తే మళ్లీ పాకమే. ఇడ్లీ పిండి ఒకసారి ఉడికాక మళ్లీ పిండి కాదు. థర్మోప్లాస్టిక్ బెల్లం జాతి. దానిలోని పొడవాటి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి గానీ అతుక్కుపోయి ఉండవు. వేడి తగిలితే జారతాయి, చల్లబడితే బిగుసుకుంటాయి. అందుకే దాన్ని కరిగించి గొట్టంగా లాగగలుగుతున్నాం. వీటిలో మనకు బాగా తెలిసిన పీవీసీ బరువులో సగానికి పైగా, దాదాపు 57 శాతం, క్లోరినే. అంటే ఉప్పు నుంచి వచ్చిన సరుకు. ఇంకొంచెం క్లోరిన్ ఎక్కిస్తే అది సీపీవీసీ అవుతుంది. పీవీసీకి వాడుక హద్దు 60 డిగ్రీలైతే సీపీవీసీకి 93 దాకా వెళ్తుంది. పాలిథీన్ 1933లో ఇంగ్లండులో విన్నింగ్టన్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. గొట్టాలకు పనికొచ్చే గట్టి రకం తయారు చేసే దారి మాత్రం 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ చూపించాడు. మరుసటి ఏడాది ఇటలీలో జూలియో నట్టా అదే దారిన పాలీప్రొపిలీన్ తెచ్చాడు; 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు. ఇక ఫ్లోరిన్ ఉన్న పీవీడీఎఫ్, టెఫ్లాన్ వంటివి ధరలోనూ ఓర్పులోనూ పై మెట్టువి. పీవీడీఎఫ్ సుమారు 140 డిగ్రీల దాకా పనిచేస్తుంది. టెఫ్లాన్‌ను మిగతావాటిలా కరిగించి గొట్టంగా లాగడం కుదరదు కాబట్టి, ఎక్కువగా ఉక్కు గొట్టం లోపల అస్తరులా వాడతారు.

ఇన్ని రకాలు పరిశ్రమలోకి ఎందుకు వచ్చాయి? చవక అని చాలామంది అనుకుంటారు. పీవీడీఎఫ్ ధర తెలిసినవారు ఆ మాట అనరు. అసలు కారణం తుప్పు. ఉదాహరణకు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తీసుకోండి. హైదరాబాదు చుట్టూ పటాన్‌చెరు, జీడిమెట్లలోనూ, విశాఖ దగ్గర పరవాడలోనూ ఉన్న మందుల కర్మాగారాల్లో అది రోజువారీ సరుకు. మామూలు ఉక్కును కరిగించేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకం మన వంటింటి నుంచి కర్మాగారం దాకా పాకింది గానీ, ఈ ఆమ్లం ముందు అది చెల్లదు. ఆ ఉక్కుకు రక్షణ దాని పైనున్న పలచని ఆక్సైడ్ పొర. క్లోరైడ్ ఆ పొరను సూదిపోట్లలా గుచ్చుతుంది, ఆమ్లం ఆ చిల్లుల్లోంచి లోపలికి దిగుతుంది. అదే ఆమ్లం మామూలు ఉష్ణోగ్రతలో పీవీసీ గొట్టంలో ఏళ్ల తరబడి పారుతుంది, గొట్టానికి ఏమీ కాదు. తుప్పు అనేది లోహం ఎలక్ట్రాన్లను పోగొట్టుకునే చర్య. ప్లాస్టిక్కులో పోగొట్టుకోవడానికి వదులుగా ఉన్న ఎలక్ట్రాన్లే లేవు. మన తూర్పు తీరం వెంబడి రొయ్య పిల్లల హ్యాచరీల్లో సముద్రపు నీళ్లన్నీ పీవీసీ గొట్టాల్లోనే తిరగడానికి కారణం కూడా ఇదే. అక్కడ ఇంకో లాభం ఉంది: రాగి, జింకు నీళ్లలోకి దిగితే రొయ్య పిల్లలు బతకవు.

అలాగని ప్లాస్టిక్కు ఏ ఆమ్లమైనా ఒకటే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సల్ఫ్యూరిక్ ఆమ్లం దీనికి మంచి పాఠం. 98 శాతం గాఢత ఉన్న ఆమ్లాన్ని మామూలు కార్బన్ ఉక్కు ట్యాంకుల్లోనే నిల్వ చేస్తారు. ఉక్కు మీద ఐరన్ సల్ఫేట్ పొర ఏర్పడి దాన్నే కాపాడుతుంది, ఆమ్లం వేగంగా పారి ఆ పొరను కడిగేయనంత కాలం. అదే ఆమ్లాన్ని నీళ్లతో యాభై శాతానికి పలచబరిస్తే ఉక్కును తినేస్తుంది. పాలీప్రొపిలీన్ తీరు సరిగ్గా దీనికి తలకిందులు. పలచని ఆమ్లాన్ని హాయిగా మోస్తుంది. 98 శాతం ఆమ్లం మాత్రం దాన్ని క్రమంగా ఆక్సీకరించి పెళుసు చేస్తుంది. ఒకే కర్మాగారంలో, ఒకే ఆమ్లానికి, పలచబరిచే చోటుకు ముందు ఒక గొట్టం, తర్వాత ఇంకో గొట్టం కావాలన్నమాట. క్లోరిన్‌ది ఇంకో కథ. తేమ లేని క్లోరిన్ వాయువును ఉక్కు గొట్టంలో పంపవచ్చు. తడి తగిలిందా, ఉక్కు పనికిరాదు. అక్కడ సీపీవీసీ వంటి ప్లాస్టిక్కులు, టైటానియం నిలబడతాయి. చిత్రమేమిటంటే ఆ ఖరీదైన టైటానియం పొడి క్లోరిన్‌లో అంటుకుని మండుతుంది. ఏ పదార్థమైనా ఫలానా ద్రవానికి, ఫలానా గాఢతకు, ఫలానా వేడికి మంచిదే తప్ప అన్నిటికీ మంచి గొట్టమంటూ లోకంలో లేదు.

బరువు, నునుపు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అమ్మేవాళ్లు వీటి గురించి ఎలాగూ చెబుతారు. పీవీసీ సాంద్రత ఉక్కులో ఐదో వంతుకన్నా తక్కువ. పాలిథీన్ నీళ్లలో తేలుతుంది. గొట్టాల్లో ప్రవాహాన్ని లెక్కగట్టే హేజెన్ విలియమ్స్ సూత్రంలో ప్లాస్టిక్ గొట్టానికి నునుపు అంకె 140 నుంచి 150. పాతబడి లోపల తుప్పు గడ్డలు కట్టిన పోత ఇనుప గొట్టానికి అది 100కు, అంతకన్నా కిందకు పడిపోతుంది. అదే నీటిని పంపడానికి పంపు ఎక్కువ కరెంటు తాగుతుంది. ప్లాస్టిక్కులో ఆ నునుపు దాదాపు చెక్కుచెదరదు.

ఇక అసలు చిక్కు, వేడి. పీవీసీ గొట్టాలకు అమెరికా డిజైనర్లు వాడే పట్టిక ఒకటుంది. 23 డిగ్రీల దగ్గర గొట్టం బలాన్ని నూరు పాళ్లనుకుంటే, 43 డిగ్రీల దగ్గర అది సుమారు 51 పాళ్లు, 60 డిగ్రీల దగ్గర 22 పాళ్లు మాత్రమే. ఆ లెక్కన పది కేజీల పైపు 43 డిగ్రీల దగ్గర ఐదు కేజీల పైపు, 60 దగ్గర రెండు కేజీల పైపు. ఈ అంకెలను రెంటచింతలకో రామగుండానికో తెచ్చి చూడండి. మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటే ఊళ్లవి. ఎండలో ఇనుప ర్యాకు మీద పరిచిన గొట్టం గోడ గాలి కన్నా ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, అందులోనూ ద్రవం కదలకుండా ఆగి ఉన్నప్పుడు. చల్లని దేశపు పట్టికలో పది అని చూసి మన ఎండలో పది అనుకుంటే పగలక ఏమవుతుంది? పాలిథీన్ కొంత నయం. యూరప్ ప్రమాణాల ప్రకారం 20 డిగ్రీలతో పోలిస్తే 40 డిగ్రీల దగ్గర దానికి అనుమతించిన ఒత్తిడి 74 శాతానికి తగ్గుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వేరే శత్రువు. నల్ల పాలిథీన్ పైపులో కార్బన్ బ్లాక్ కలిపేది అందం కోసం కాదు, ఆ కిరణాలను ఆపడానికే.

వేడికి తోడు కాలం. బెల్లం జాతి పదార్థమని చెప్పాను కదా, ఒత్తిడిలో ఉంచితే గొలుసులు చాలా నెమ్మదిగా జారుతూనే ఉంటాయి. ఈరోజు పరీక్షలో తట్టుకున్న ఒత్తిడిని యాభై ఏళ్లపాటు మోయమంటే మోయలేదు. దీన్ని లోపమని దాచకుండా లెక్కలోకి తీసుకోవడమే ఈ రంగంలో జరిగిన పెద్ద పని. గొట్టాలను రకరకాల ఉష్ణోగ్రతల్లో, రకరకాల ఒత్తిళ్లలో పదివేల గంటలకు పైగా ఉంచి, ఎప్పుడు పగిలాయో గుర్తించి, ఆ గీతను యాభై ఏళ్ల దాకా పొడిగిస్తారు. పీఈ 100 అనే పాలిథీన్ పేరులోని వంద అలా వచ్చిందే: 20 డిగ్రీల దగ్గర, నీళ్లతో, 50 ఏళ్ల తర్వాత కూడా గొట్టం గోడ కనీసం 10 మెగాపాస్కళ్ల ఒత్తిడిని తట్టుకోవాలి. ఆపైన భద్రతా గుణకం వేసి, నీటికైతే 8 మెగాపాస్కళ్లకే డిజైను చేస్తారు. మామూలు వేడిలో పనిచేసే ఉక్కుకు ఇలాంటి గడువు పెట్టరు. తుప్పుకు ఇంత మందం పోతుందని అదనంగా కలుపుతారు, అంతే. ఎన్నేళ్లు పనిచేస్తుందో ముందే చెప్పుకునే నిజాయితీ ఈ విషయంలో ప్లాస్టిక్కుకే ఎక్కువ అని నా అభిప్రాయం.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. యాభై ఏళ్లన్నారు, మరి ముందే పగిలినవి లేవా? ఉన్నాయి. 1994 అక్టోబరు 17న అమెరికాలోని అయోవా రాష్ట్రం వాటర్లూ పట్టణంలో ఒక పాలిథీన్ గ్యాసు గొట్టం చిట్లి, పేలుడులో ఆరుగురు చనిపోయారు. 1998లో అక్కడి రవాణా భద్రతా సంస్థ ఇచ్చిన ప్రత్యేక నివేదిక దాచుకోకుండా మాట్లాడింది. 1960ల నుంచి 80ల తొలి ఏళ్ల దాకా వేసిన చాలా గొట్టాల దీర్ఘకాలిక బలాన్ని ఎక్కువగా అంచనా వేశారని, అవి సాగి పగలడం బదులు గాజులా చీలుతున్నాయని చెప్పింది. మట్టి సరిగా కూరని చోట గొట్టం వంగి, ఆ వంపు దగ్గర చిన్న పగులు పుట్టి ఏళ్ల తరబడి పాకడం ఆ చీలికల తీరు. ఇది పదార్థం తప్పు కాదా అని మీరు అడగవచ్చు. కొంతవరకు అవుననే చెప్పాలి, ఆనాటి రెజిన్లకు, అంటే గొట్టం చేసే ముడి ప్లాస్టిక్కుకు, పగుళ్లను ఆపే ఓర్పు లేదు. అయితే పగులు పాకే వేగాన్ని విడిగా పరీక్షించాలన్న పట్టుదల, ఈనాటి రెజిన్లు అలాంటి వైఫల్యాల నుంచే వచ్చాయి. వాటర్లూ ప్రమాదం జరిగిన మరుసటి ఏడాది, 1995 జనవరిలో, జపాన్‌లోని కోబెను భూకంపం కుదిపేసినప్పుడు ఉక్కు, పోత ఇనుప గొట్టాల కీళ్లు ఊడిపోయాయి. పాలిథీన్ గ్యాసు గొట్టాలు నేలతోపాటు వంగి నిలబడ్డాయి. వంగే గుణం వాటర్లూలో శాపమైంది, కోబెలో వరమైంది. తేడా రెజిన్‌లోనూ, వేసిన తీరులోనూ ఉంది.

ఇనుము అలవాటుతో చేసే ఇంకో తప్పు, నీటికి తగిన గొట్టాన్ని గాలికి వాడటం. కంప్రెసర్ గాలికి పీవీసీ పైపు వేసిన వర్క్‌షాపులు మన ఊళ్లలో కనబడుతూనే ఉంటాయి. పది కేజీల నీటిని ఆపింది పది కేజీల గాలిని ఆపదా అనేది అక్కడి తర్కం. నీరు దాదాపు అణగదు కాబట్టి గొట్టం పగిలితే ఒత్తిడి క్షణంలో పోతుంది. నొక్కి పెట్టిన గాలిలో బోలెడంత శక్తి నిల్వ ఉంటుంది. పగిలిన పీవీసీ ముక్కలు కత్తుల్లా ఎగిరిపడతాయి. అమెరికా కార్మిక భద్రతా విభాగం 1988లోనే ఈ వాడకం వద్దని హెచ్చరిక జారీ చేసింది. ఆమ్లాన్ని ఎంత బాగా ఆపే ప్లాస్టిక్కయినా వాయువును పూర్తిగా ఆపదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. 2002 ఆగస్టు 14న మిస్సోరీ రాష్ట్రం ఫెస్టస్ పట్టణంలో రైలు ట్యాంకరు నుంచి క్లోరిన్ దింపుతుండగా హోస్ పైపు తెగి, దాదాపు 22 టన్నుల విషవాయువు బయటపడింది. ఆ హోస్‌కు లోపలి పొర టెఫ్లాన్, దాని మీద లోహపు తీగల అల్లిక. టెఫ్లాన్ గోడలోంచి క్లోరిన్ కొంచెం కొంచెంగా ఊరుతుంది, అది డిజైనర్లకు తెలుసు. అందుకే అల్లికకు క్లోరిన్‌ను తట్టుకునే హ్యాస్టెల్లాయ్ మిశ్రలోహం నిర్దేశించారు. వచ్చిన హోస్‌లో ఉన్నది చూపుకు తేడా తెలియని స్టెయిన్‌లెస్ స్టీలు. ఊరిన క్లోరిన్ దాన్ని తినేసింది. ప్లాస్టిక్ తన పని తాను చేసింది, కాగితం మీద రాసిన లోహం మాత్రం అక్కడ లేదు.

మంట గురించి, విషం గురించి వచ్చే అభ్యంతరాలను తేలిగ్గా తోసేయకూడదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. గట్టి పీవీసీ మండుతూ ఉండాలంటే దాదాపు 45 శాతం, సీపీవీసీకి 60 శాతం ఆక్సిజన్ కావాలి. అందుకే మంట తీసేస్తే వాటంతటవే ఆరిపోతాయి. సీపీవీసీతో అగ్నిమాపక స్ప్రింక్లర్ గొట్టాలే చేస్తున్నారు. పాలిథీన్ అలా కాదు, 17, 18 శాతం చాలు, కొవ్వొత్తిలా మండుతుంది. మంటల్లో చిక్కితే పీవీసీ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది, మూసి ఉన్న గదుల్లో అది ప్రాణాంతకం. విషం విషయానికొస్తే, పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ వల్ల అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ కర్మాగారంలో కార్మికులకు అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చిందని 1974లో బయటపడింది. ఆ తర్వాతే అక్కడి కర్మాగారాల్లో ఆ వాయువు మోతాదుకు కఠినమైన హద్దులు పెట్టారు. మన దేశంలో పీవీసీ గొట్టాల్లో సీసపు స్టెబిలైజర్ల కట్టడికి ప్రత్యేక నియమాలు వచ్చింది 2021లో. ఇది ఎప్పుడో రావలసింది. ఈ అభ్యంతరాలన్నీ నిజమే, అయినా అవి అడిగేది జాగ్రత్తను, బహిష్కారాన్ని కాదు. తుప్పు పట్టి ఆమ్లం కార్చే ఉక్కు గొట్టం నేలకు, నీటికి చేసే హాని కూడా అదే త్రాసులో పెట్టాలి కదా.

ఉక్కు వదలని చోట్లూ ఉన్నాయి. ఆవిరి లైను ప్లాస్టిక్కుది కాదు. టోలుయీన్, అసిటోన్ వంటి ద్రావకాలు పీవీసీని ఉబ్బించి మెత్తబరుస్తాయి. పైగా ప్లాస్టిక్ విద్యుత్తును పారనివ్వదు కాబట్టి, మండే ద్రావకం వేగంగా పారితే స్థిర విద్యుత్తు పేరుకుని నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు, లోపలి తేమ వల్ల పట్టిన తుప్పే కారణమని తేలింది. అంత ఒత్తిడిలో ఊళ్లు దాటే గొట్టానికి పాలిథీన్ బదులు కాదు. అక్కడ కావలసింది గ్యాసులోని తేమను తీసేయడం, తుప్పును కనిపెడుతూ ఉండటం. ఒత్తిడి తగ్గించిన తర్వాత, సుమారు 4 బార్ల దగ్గర, హైదరాబాదు, విజయవాడ వీధుల్లో ఇళ్లకు గ్యాసు తెచ్చేది మాత్రం పాలిథీన్ గొట్టమే. ఒకే గ్యాసు ప్రయాణంలో ఎక్కడిదాకా ఉక్కు, ఎక్కడి నుంచి ప్లాస్టిక్ అన్నది ఒత్తిడి తేల్చింది.

చివరగా కీళ్ల మాట. పాలిథీన్ గొట్టాల అంచులను సుమారు 200 డిగ్రీలకు పైన వేడిచేసిన పలకకు ఆనించి, కరిగాక ఒకదానికొకటి నొక్కుతారు. సరిగా చేస్తే ఆ కీలు గొట్టమంత గట్టిది. దుమ్ము పడినా, తొందరపడి బిగింపు తీసినా పైకి బాగానే కనబడి లోపల అతుక్కోకుండా ఉంటుంది. పీవీసీకి వాడే సాల్వెంట్ సిమెంటు ఆరడానికి గంటలు పడుతుంది; సాయంత్రం అతికించి రాత్రికే పంపు వేసే తొందర మనది. వ్యాకోచం కూడా ఫిట్టర్ చేతిలోదే. వంద మీటర్ల లైను 30 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, పీవీసీ ఇరవై సెంటీమీటర్లు, పాలిథీన్ అర మీటరు. మధ్యలో వంపు ఇవ్వకుండా ఉక్కు గొట్టంలా రెండు కొసలా బిగించేస్తే ఆ అర మీటరు ఎక్కడికి పోవాలి? ఉక్కు వెల్డరును పరీక్ష పెట్టి మరీ పనిలోకి తీసుకుంటాం; ప్లాస్టిక్ కీళ్లు పెట్టే మనిషిని ఏ అర్హతా అడగం. ఈ రంగంలో ముందు దిద్దుకోవలసింది ఇదేనని నా లెక్క.

కర్మాగారాలు నడిపేవారికి, వాటికి గొట్టాలు కొనేవారికి ఒక విన్నపం. ఈసారి ఆర్డరు ఇచ్చే ముందు సరఫరాదారును ఉష్ణోగ్రతతో బలం తగ్గే పట్టిక అడగండి. మీ ద్రవం పేరు, గాఢత, మే నెల మధ్యాహ్నపు వేడి రాసిచ్చి, ఈ మూడింటికీ కలిపి గొట్టం ఎన్ని కేజీలు మోస్తుందో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వలేనివారి దగ్గర కొనకండి.